పొరుగువాని జబ్బు ఖర్చు ఎవరిది?



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విచారణల్లో ఆదివారం పూజ అయిన తరువాత గుడి ముందు నిలబడి కుశల ప్రశ్నలు వేసుకోవడం మన అలవాటు. ఆ కబుర్లలో తప్పకుండా దొర్లే మాట ఒకటుంది. "ఫలానా వారి అమ్మాయికి ఆపరేషనట. గుంటూరు తీసుకువెళ్ళారట. ఎంత అవుతుందో ఏమో." జబ్బు పేరు వినగానే మనకు ముందు గుర్తుకు వచ్చేది డబ్బే. "తగ్గుతుందా?" అని అడగడానికి ముందే "ఎంత కట్టమన్నారు?" అని అడుగుతాము. ఇది మన మనసు కఠినమై అడిగే ప్రశ్న కాదు, అనుభవం నేర్పిన ప్రశ్న.

ఆ డబ్బు ఎక్కడనుండి వస్తుందో మీకు తెలియనిది కాదు. మెడలోని గొలుసు తాకట్టుకు పోతుంది. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. అరెకరం ఉంటే అది బేరానికి వస్తుంది. ఆ ఏడాది పిల్లవాడి చదువు ఆగుతుంది. రోగి కోలుకున్నా ఇల్లు కోలుకోదు. విచారణ గురువుల దగ్గరకు, పునీత విన్సెంట్ డి పాల్ సభ వారి దగ్గరకు కాగితాలు పట్టుకుని వచ్చేవారిలో చాలామంది ఇలా వచ్చినవారే.

ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది. ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఆ ఇంటివారేనా? దయగలవారా? లేక మనమందరం కట్టే పన్నుల సొమ్ములో నుండి, ధనిక పేద తేడా లేకుండా అందరికీ ప్రభుత్వమే వైద్యం అందించాలా? "నా కష్టార్జితంలో నుండి పన్ను తీసి ఎవరికో ఆపరేషను చేయించడం న్యాయమేనా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారవేయకూడదు. నిజాయితీగా అడిగిన ప్రశ్నకు నిజాయితీగానే జవాబు వెదకాలి.

దయ చేసిన మేలు, దయకున్న హద్దు

మన గుంటూరు మేత్రాసనంలో ఈ ప్రశ్నకు వందేళ్ళ చరిత్ర ఉంది. ఆస్ట్రేలియా దేశంలో విక్టోరియా రాష్ట్రానికి చెందిన డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చారు. అక్కడ మంచి ప్రాక్టీసు ఉన్న డాక్టరమ్మ. దానిని వదులుకుని జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఇష్టపడని స్త్రీలు ప్రసవ సమయంలో ప్రాణాలు కోల్పోతున్న రోజులవి. ఆమె ఒక చిన్న మందులశాలతో ఆరంభించిన సేవ సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. స్థానిక స్త్రీలకు నర్సింగు, మందులు కలపడం నేర్పించారు. 1957లో ఆమె కన్నుమూసేనాటికి లక్షలాది రోగులు ఆ సేవను అందుకున్నారు.

అయితే ఆమె జీవితంలో మనం అంతగా గమనించని సంగతి మరొకటుంది. 1943లో ఆమె కతోలిక ఆసుపత్రులన్నింటినీ కలిపి ఒక సంఘాన్ని స్థాపించారు. నేడు సికింద్రాబాదు కేంద్రంగా మూడు వేలకు పైగా సంస్థలతో ఉన్న కతోలిక ఆరోగ్య సంఘానికి అదే మూలం. తన చేతులతో వేలాది రోగులను ముట్టుకుని వైద్యం చేసిన ఆమెకు ఈ సంఘం పని ఎందుకు? ఎంత పవిత్రమైన చేతులైనా రెండే. ఒక ఆసుపత్రి ఎంత మంచిదైనా, దాని గేటు దాకా రాగలిగినవారికే మేలు చేయగలదు. దయకు మనసు పెద్దది గాని చేయి పొట్టిదని ఆమెకు తెలుసు. అందుకే దయకు ఒక ఏర్పాటును జోడించారు.

లూకా సువిశేషంలో కరుణగల సమరీయుని ఉపమానాన్ని మనం చిన్ననాటి నుండి వింటున్నాము. అందులో ఒక చిన్న సంగతి మన దృష్టిని తప్పించుకుంటుంది. సమరీయుడు గాయాలు కట్టడంతో ఆగలేదు. బాధితుని పూటకూళ్ళ ఇంటికి చేర్చి, యజమానికి రెండు దీనారాలు ఇచ్చి, ఎక్కువైతే తిరిగి వచ్చి తీరుస్తానని ఒప్పుకున్నాడు. తాను లేని రోజులలో కూడా సేవ ఆగకుండా ఖర్చుకు ఏర్పాటు చేశాడన్న మాట. జాలితో పాటు లెక్క కూడా చూశాడు. మనం మాట్లాడుకుంటున్న ప్రశ్న ఆ రెండు దీనారాల గూర్చే.

ఒక విచారణ లెక్క

ఊహకు ఒక విచారణను తీసుకుందాము. 500 కుటుంబాలున్నాయనుకోండి. ఏడాదిలో ఐదు ఇళ్ళలో పెద్ద ఆపరేషను అవసరం పడింది. ఒక్కొక్కటి రెండు లక్షలు. మొత్తం పది లక్షలు. ఆ ఐదు ఇళ్ళూ ఎవరికి వారే భరిస్తే ఐదు కుటుంబాలు అప్పులలో మునుగుతాయి. 500 కుటుంబాలూ పంచుకుంటే ఇంటికి ఏడాదికి 2,000 రూపాయలు. అయితే రోజు కూలికి, రైసుమిల్లు యజమానికి ఒకటే వాటా వేయడం న్యాయం కాదు గదా! 300 పేద కుటుంబాలు వెయ్యి చొప్పున, 150 మధ్యతరగతి కుటుంబాలు రెండు వేల చొప్పున, 50 కలిగిన కుటుంబాలు ఎనిమిది వేల చొప్పున ఇస్తే మూడు, మూడు, నాలుగు కలిసి పది లక్షలు అవుతుంది. ఎవరి ఇల్లూ కూలదు.

ఇప్పుడు ఆ 50 కుటుంబాలు "మాకు జబ్బు వస్తే మేమే చూసుకుంటాము, మీ లెక్కలో మమ్మల్ని కలపవద్దు" అన్నాయనుకోండి. ఆరు లక్షలే మిగులుతాయి. మిగిలిన కుటుంబాలలోనే ఐదుగురూ జబ్బుపడితే ముగ్గురికే ఆపరేషను జరుగుతుంది. ఇద్దరు మిగిలిపోతారు. ఆ ఇద్దరు ఎవరన్నది ఎవరు నిర్ణయించాలి?

పన్నుకూ విరాళానికీ తేడా ఇక్కడే ఉంది. విరాళం ఇచ్చేవారి మనసు మీద ఆధారపడుతుంది. పన్ను అందరి మీదా పడుతుంది. "ప్రేమను బలవంతంగా వసూలు చేయవచ్చా?" అని కొందరు అడుగుతారు. చేయలేము. పన్ను ప్రేమ కాదు. పన్ను న్యాయం. సాటి మనిషికి కనీసం దక్కవలసినది దక్కేటట్లు చూడడం న్యాయం పని. దాని తరువాత రోగి మంచం పక్కన కూర్చోవడం, ధైర్యం చెప్పడం, గంజి కాచి ఇవ్వడం ప్రేమ పని. ఏ పన్నూ ఆ రెండవ పని చేయలేదు. ఏ విరాళమూ మొదటి పనిని పూర్తిగా చేయలేదు.

శ్రీసభ బోధ కూడా ఈ దారిలోనే నడిచింది. పునీత 23వ జాన్ పాపు గారు 1963లో వెలువరించిన 'భూమిపై శాంతి' అనే విశ్వలేఖలో వైద్య సహాయాన్ని మానవుని హక్కులలో ఒకటిగా లెక్కించారు. భిక్షగా కాదు, హక్కుగా. రెండవ వాటికన్ మహాసభ 1965లో, న్యాయమైన పన్నులను మోసంతో ఎగవేసేవారిని సూటిగా తప్పుపట్టింది. ఈ రెండింటినీ కలిపి చూడండి. ఒకరికి హక్కు ఉన్నదంటే, దానిని తీర్చే బాధ్యత మరెవరికో ఉండాలి. బాధ్యత లేని హక్కు గోడమీద రాసిన నినాదమే.

పన్ను కట్టేది ఎవరు?

"పన్నులు కట్టేది మేము, అనుభవించేది వాళ్ళు" అనే మాట మన ఇళ్ళలో కూడా వినిపిస్తుంది. ఈ మాట నిజమేనా? ఆదాయపు పన్ను కట్టేవారు తక్కువమంది అన్నది నిజమే. కాని పన్ను అంటే ఆదాయపు పన్ను ఒక్కటే కాదు. నిజాంపట్నం రేవులో వల లాగే మనిషి సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా ధరలో పన్ను ఉన్నది. 2017 జూలై నుండి దాని పేరు జి.ఎస్.టి. పడవలో పోసే డీజిలు మీద రాష్ట్రం వేసే పన్ను వేరే ఉన్నది. పేదవాడు పన్ను కట్టడం లేదన్న మాట నిజం కాదు. రశీదు లేకుండా కడుతున్నాడు, అంతే. తన ఆదాయంతో పోలిస్తే అతడు కట్టేది తక్కువేమీ కాదు.

ఇక ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోనివి. అంటే రేపల్లె ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడా లేడా అన్నదానికి మొదట జవాబు చెప్పవలసింది రాష్ట్ర ప్రభుత్వం. పెద్ద పన్నులు వసూలు చేసే అధికారం మాత్రం ఎక్కువగా కేంద్రం చేతిలో ఉన్నది. 2018 నుండి ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు వసూలవుతున్నది. సెస్సులో రాష్ట్రాలకు వాటా పంచవలసిన పని లేదు. బాధ్యత ఒకరిది, సంచీ మరొకరిది! రాష్ట్ర స్థాయిలో అందరికీ వైద్యం గూర్చి మాట్లాడేటప్పుడు ఈ చిక్కును మరువకూడదు.

దేశం మొత్తం మీద చూస్తే 2013-14లో వైద్యానికి అయ్యే ప్రతి వంద రూపాయలలో 64 రూపాయలు రోగుల జేబుల నుండే పోయేవి. 2021-22 నాటికి అది 39 రూపాయలకు తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మెరుగే. అయితే ఆ సంవత్సరం అన్ని ప్రభుత్వాలూ కలిసి ఆరోగ్యానికి పెట్టినది దేశ ఆదాయంలో 2 శాతం కంటే తక్కువ. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా రెండున్నర శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నది.

మన రాష్ట్రం చేసిన ప్రయత్నం

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఫోను చేస్తే వస్తుంది. ఏ కార్డు ఉన్నది, ఏ కులం, ఏ మతం అని అడగదు. "అందరికీ" అనే మాటకు అర్థం చూపించాలంటే 108 బండిని చూపిస్తే చాలు.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. 2008కల్లా రాష్ట్రమంతా విస్తరించింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరో యాభై వేలు, ఖర్చు ప్రభుత్వానిది. గుండె ఆపరేషను, క్యాన్సరు చికిత్స అంటే అంతకు ముందు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని, ఎమ్మెల్యే గారి సిఫారసు కోసం వాకిట్లో నిలబడవలసిన కాలం. ఆ వాకిట్లో నిలబడే అవసరాన్ని తగ్గించడమే ఆరోగ్యశ్రీ చేసిన గొప్ప నైతిక మేలు. 2014 తరువాత పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది, 2019 తరువాత మళ్ళీ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తరువాత మళ్ళీ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది. పేర్లు మారినా ఏ ప్రభుత్వమూ దానిని ఎత్తివేయడానికి సాహసించలేదు. 2020లో ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలను కూడా చేర్చారు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 1.63 కోట్ల కుటుంబాలకు, ధనిక పేద తేడా లేకుండా, రెండున్నర లక్షల వరకు బీమా పద్ధతిలోను, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారాను వైద్యం అందించే విధానాన్ని ఆమోదించింది.

ఇంతవరకు బాగున్నది. అయితే మూడు లోపాలను కూడా చూడాలి.

మొదటిది, ఈ పథకం పుట్టుకతోనే పెద్ద జబ్బుల పథకం. గుండెకు ఆపరేషను చేయిస్తుంది. కాని ఆ గుండె చెడిపోవడానికి ముందు పదేళ్ళపాటు రోజూ వేసుకోవలసిన రక్తపోటు మాత్రలు ఎవరిస్తారు? చక్కెర వ్యాధి పరీక్షలకు, జ్వరానికి, మందులషాపు బిల్లులకు జేబు నుండి పోయేది కొద్దికొద్దిగానే. కాని అది ఆగకుండా పోతుంది. కాలు తీసివేసే ఆపరేషను ఉచితం, కాలు నిలిపే మాత్ర మాత్రం సొంత ఖర్చు అయితే, అది తలకిందుల లెక్క.

రెండవది, డబ్బు రోగి వెంట పెద్ద పట్టణాల ఆసుపత్రులకు పోతుంది. గుంటూరు, విజయవాడలలో మేడలు లేస్తాయి. ఊరిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రం నర్సమ్మ ఒక్కతే మిగులుతుంది.

మూడవది, బకాయిలు. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రత్యేక వైద్యశాలల సంఘం, తమకు రావలసిన వేల కోట్ల రూపాయలు చెల్లించలేదని, ఈ పథకం క్రింద సేవలు నిలిపివేసింది. కాగితం మీద 25 లక్షల హామీ ఉన్నా, కౌంటరు దగ్గర "ఇప్పుడు ఈ కార్డు మీద చేర్చుకోవడం లేదమ్మా" అన్న మాట వినిపిస్తే ఆ తల్లికి అది సున్నాతో సమానం. పెద్ద ఆసుపత్రులు కొంతకాలం తట్టుకోగలవు. మఠకన్యలు నడిపే చిన్న ఆసుపత్రికి నర్సుల జీతాలు ఆగుతాయి. నెరవేర్చలేని వాగ్దానం చేసి పేదవానిని గడప దాకా రప్పించడం, మొదటే లేదని చెప్పడం కంటే క్రూరమైనది. అందువల్ల "ఎంత వాగ్దానం చేశారు?" అని కాక, "ఎంత డబ్బు కేటాయించారు? అది ఎక్కడ నుండి వస్తుంది?" అని అడగడం మన బాధ్యత.

సారా సొమ్ము గూర్చి ఒక మాట

డబ్బు ఎక్కడ నుండి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మన రాష్ట్రంలో తప్పించుకోలేని చేదు నిజం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం పోయింది. ఖజానా తట్టుకోలేకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. ఆనాటి నుండి మద్యం మీద వచ్చే రాబడి రాష్ట్ర ఖజానాకు ఒక పెద్ద ఊతం.

మద్యం సొమ్ముతో ఆసుపత్రి నడపడం తప్పా? మద్యం అమ్ముతున్నంతకాలం దాని మీద పన్ను వేయడం, ఆ పన్నును అది కలిగించే జబ్బులకు ఖర్చు పెట్టడం తప్పనలేము. తాగుడు ఖర్చు పెరిగితే కొందరైనా తగ్గిస్తారు. కాని వైద్యం అంతా దానిమీదే ఆధారపడితే, తాగేవారు తగ్గితే ఆసుపత్రి మూతపడుతుందన్న భయం ప్రభుత్వానికి పట్టుకుంటుంది. అప్పుడు తాగుడు తగ్గించాలనే మనసు రాదు. పైగా ఆ పన్ను ఎవరి నుండి వస్తుంది? ఎక్కువగా కూలివాని జేబు నుండి, నిజానికి అతని భార్య వంటింటి డబ్బా నుండి. ఒక చేత్తో ఇంట్లోని బియ్యం తీసుకుని, మరొక చేత్తో మందు సీసా ఇవ్వడం సంక్షేమం కాదు. అందరికీ వైద్యం అనే ఇల్లు ఈ ఒక్క స్తంభం మీద నిలబడకూడదు. కలిగినవారి ఆదాయం, ఆస్తి, భూముల లావాదేవీలు తమ వంతు భారం మోయాలి.

గోధుమ రైతుల ఉదాహరణ

ఇది పేద రాష్ట్రానికి సాధ్యమా అని మీరు అడగవచ్చు. కెనడాలో సస్కాచెవన్ అనే రాష్ట్రం ఉన్నది. మన డెల్టా వరి మీద బతికినట్లు అది గోధుమ మీద బతికేది. అక్కడి టామీ డగ్లస్ చిన్నతనంలో మోకాలి ఎముకకు జబ్బు చేసింది. తండ్రికి డబ్బు లేదు. కాలు తీసివేయవలసిందే అన్నారు. ఒక పెద్ద డాక్టరు, తన విద్యార్థులకు చూపించడానికి పనికివస్తుందని, ఉచితంగా ఆపరేషను చేసి కాలు నిలిపాడు. ఆ బాలుడు పెద్దవాడై బాప్టిస్టు పాస్టరయ్యాడు, 1944లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. డాక్టరు దయను అతడు మరువలేదు. కాని "దయగలవారుంటే చాలు" అన్న పాఠం నేర్చుకోలేదు. పిల్లవాడి కాలు ఉండడమో పోవడమో అదృష్టం మీద ఆధారపడకూడదన్న పాఠం నేర్చుకున్నాడు.

1947లో ఆ రాష్ట్రం ఆసుపత్రి ఖర్చులకు ప్రభుత్వ పథకం పెట్టింది. వెంటనే డాక్టరు ఖర్చులకు పోలేదు. ఖజానా కుదుటపడేదాకా పదిహేనేళ్ళు ఆగి 1962 జూలైలో దానిని ప్రారంభించింది. కుటుంబానికి ఏడాదికి స్వల్ప చందా, మిగిలినది పన్నుల నుండి. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వారితో మాట్లాడి, వారి వృత్తి స్వేచ్ఛకు కొన్ని హామీలిచ్చి, పథకాన్ని నిలుపుకుంది. కొద్ది సంవత్సరాలలో కెనడా దేశమంతా ఆ దారి పట్టింది. ఒక వ్యవసాయ రాష్ట్రం ముందు నడిచింది, దేశం వెనుక వచ్చింది. మేరీ గ్లౌరీ పుట్టిన ఆస్ట్రేలియాలో కూడా 1984 నుండి మెడికేర్ ఉన్నది. అక్కడివారు ఆదాయంలో 2 శాతం ఆ పేరుమీదనే ప్రత్యేకంగా పన్ను కడతారు. అది మొత్తం ఖర్చుకు చాలదు, మిగతాది ఇతర పన్నుల నుండి వస్తుంది.

ఆ దేశాలలో లోపాలు లేవని కాదు. ఆపరేషనుకు నెలల తరబడి వేచి ఉండడం కెనడాలో పెద్ద ఫిర్యాదు. ఐనా అక్కడ వేచి ఉన్నవాడు జబ్బు తగ్గడం కోసం వేచి ఉంటాడు గాని, పొలం అమ్ముడుపోవడం కోసం వేచి ఉండడు.

కాలువ చివరి భూమి

ఇదంతా దూరపు సంగతి అనిపిస్తే మన కాలువల దగ్గరకు రండి. కృష్ణా డెల్టా ఎలా పచ్చబడింది? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. తెనాలి మధ్యగా కాలువలు పారుతున్నాయంటే, బాపట్ల, రేపల్లె పొలాల్లో వరి పండుతున్నదంటే, ఏ రైతూ తన సొంత డబ్బుతో ఆనకట్ట కట్టలేదు. కట్టలేడు కూడా. ప్రజల సొమ్ముతో కట్టారు. రైతులు నీటి తీరువా కట్టారు. "పొరుగువాని పొలానికి నీరు పోవడానికి నేను ఎందుకు కట్టాలి?" అని ఎవరూ అడగలేదు. ఎందుకంటే పొరుగువానికి పోయే కాలువే తన పొలానికీ వస్తుంది.

కాలువ న్యాయం మరొకటి కూడా మీకు తెలుసు. నీరు ఎక్కడ చూసి కొలవాలి? తలకట్టు దగ్గర కాదు, చివరి భూముల దగ్గర. ఎగువన ఎంత నిండుగా పారినా, సముద్రం వైపు ఉన్న చివరి చేనుకు నీరు అందకపోతే ఆ ఏడాది కాలువ సరిగా నడవలేదన్నట్టే. వైద్యానికి కూడా ఇదే కొలత. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎన్ని పెద్ద ఆపరేషన్లు జరిగాయన్నది తలకట్టు లెక్క. తీరంలోని పల్లెలో నిండు గర్భిణికి రాత్రి పూట నొప్పులు వస్తే ఎంతసేపటికి డాక్టరు చేతికి చేరిందన్నది చివరి భూమి లెక్క.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రమైంది. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల తలపెట్టారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది కొత్త వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో నిర్మించాలని నిర్ణయించగా, ఆ పదిలో బాపట్ల ఒకటి. దీనిమీద రాజకీయ పక్షాల వాదోపవాదాలు మీరు విన్నారు. పార్టీ జెండా ఏదైనా, మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే. దాని వలన చివరి భూమికి నీరు అందుతుందా? బోర్డు మీద ఎవరి పేరు ఉన్నదన్నది తరువాతి సంగతి. చేతిలో డబ్బులేని రోగి ఆ తలుపులో నుండి లోపలికి వెళ్ళగలడా, గౌరవంతో బయటకు రాగలడా అన్నది మొదటి సంగతి.

మన వంతు ఏమిటి?

ప్రభుత్వాన్ని ప్రశ్నించడం సులభం. ఇక మనల్ని మనం ప్రశ్నించుకుందాము.

పొలమో స్థలమో కొన్నప్పుడు రిజిస్ట్రేషను కార్యాలయంలో ఎంత విలువ రాయించాము? మిగిలిన డబ్బు సంచీలో చేతులు మారిందా? దుకాణంలో "బిల్లు వద్దులే, తగ్గించి ఇవ్వండి" అన్నామా? స్థితిమంతులమై ఉండి, పిల్లలు విదేశాలలో సంపాదిస్తుండగా, తెల్లకార్డును జాగ్రత్తగా బీరువాలో దాచుకున్నామా? ఇవన్నీ చిన్న తెలివితేటలు అనుకుంటాము. కాని మన విచారణ లెక్కను గుర్తుకు తెచ్చుకోండి. ఆ ఆరు లక్షల దగ్గర ఆగిపోయి, ఇద్దరు రోగులు మిగిలిపోయినది ఇటువంటి తెలివితేటల వల్లనే. లంచం తినే అధికారి ఖజానాకు అడుగున చిల్లు పెడితే, పన్ను ఎగవేసే మనం పైనుండి పోయడమే మానేస్తున్నాము. "వాళ్ళు తింటున్నారు కాబట్టి నేను కట్టను" అనే వాదన చివరకు రోగినే శిక్షిస్తుంది, తినేవానిని కాదు.

మరొక సంగతి. మనలో కాస్త కలిగినవారు ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కడం మానేసి చాలాకాలమైంది. శుభ్రత లేదని, పట్టించుకోరని మన ఫిర్యాదు. అందులో నిజముంది. కాని మాట చెల్లుబాటయ్యేవారందరూ బయటకు వెళ్ళిపోయిన తరువాత లోపల మిగిలినది మాట చెల్లనివారే. ఇక అక్కడ ఫ్యాను తిరగడం లేదని ఎవరు అడుగుతారు? పేదలకు మాత్రమే అని పెట్టిన సేవ కొంతకాలానికి పేద సేవగానే మిగిలిపోతుంది. "అందరికీ" అన్నమాట మీద పట్టుబట్టవలసింది అందుకే. ఉపాధ్యాయుడు, గుమాస్తా, వ్యాపారి, కూలీ ఒకే వరుసలో నిలబడే చోట ఆ వరుస త్వరగా కదులుతుంది.

కనుక చిన్న పనులతోనే ఆరంభించవచ్చు. టీకాలకు, రక్తపోటు, చక్కెర పరీక్షలకు మీ దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మందులు లేకపోతే లేవని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బాగా పనిచేసే డాక్టరును, నర్సమ్మను అందరి ముందు మెచ్చుకోండి. ఓటు అడగడానికి వచ్చినవారిని "కార్డు ఎన్ని లక్షలకు పెంచుతారు?" అని కాక, "మా ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఎప్పటి నుండి ఉంటాడు? ఆసుపత్రుల బకాయిలు ఎప్పుడు తీరుస్తారు?" అని అడగండి. విన్సెంట్ డి పాల్ సభ వారు సహాయం కోసం వచ్చిన కుటుంబానికి డబ్బుతోపాటు, వారికి న్యాయంగా రావలసిన పథకం కాగితాలు నింపిపెట్టి, ఆసుపత్రి దాకా తోడు వెళితే అది పెద్ద సేవ.

ప్రభుత్వం అన్నీ చేస్తే మన మిషను ఆసుపత్రులకు పనేముందని కొందరి సందేహం. పని ఉంటుంది. వారసులు వదిలివేసిన వృద్ధులు, మరణశయ్యపై ఉన్నవారు, మనసు చెదిరినవారు, ఏ కార్డులోనూ పేరు లేని వలసకూలీలు ఎప్పుడూ ఉంటారు. ప్రభుత్వం తన పని చేసిననాడు మఠకన్యలు బిల్లుల బాధ లేకుండా తమ పని చేయగలుగుతారు. ఒకటి రెండవదానికి శత్రువు కాదు.

చివరగా, ఏటేటా పన్ను కట్టి ఒక్కసారి కూడా ఆసుపత్రి ముఖం చూడని మనిషి నష్టపోయాడా? అతడు ఆ సంవత్సరం ఆరోగ్యంగా ఉన్నాడు. తన డబ్బు మరొకరి బిడ్డను ఇంటికి చేర్చింది. ఆ బిడ్డ పేరు అతనికి తెలియదు, అతని పేరు ఆ తల్లికి తెలియదు. కృతజ్ఞతలు చెప్పేవారుండరు, ఫలకం మీద పేరు ఉండదు. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియని ధర్మాలలో, నిజాయితీగా కట్టిన పన్ను కూడా ఒకటి. ఈసారి మందులషాపులోనో, బట్టల దుకాణంలోనో బిల్లు అడిగి తీసుకున్నప్పుడు ఆ సంగతి తలచుకోండి. పొరుగువాని జబ్బు ఖర్చులో మన వాటా ఆ కాగితంలోనే ఉన్నది.